పాయింట్ మూడులో నేను

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఆ రోజుల్లో షోళింగనల్లూరులోని మా ఆఫీసుకు ఉద్యోగులను పొద్దున్నే తీసుకొచ్చే వ్యాన్ల పట్టీ రాసేది చూలైకి చెందిన ఒక పాత డ్రైవరు. మోకాళ్ళ నొప్పులతో స్టీరింగు వదిలి ఆ కుర్చీకి వచ్చారు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది కనుక అందరికీ పెన్సిల్ మామ. "ఈడ రెండు బండ్లా, మూడా? రెండైతే మిగిలినోళ్ళు ఏమైతారు? మూడైతే ఖాళీ సీట్లు ఎవురికి?" అని గొణుక్కుంటూ, ఒక్కో దారినీ చివరిదాకా చూసి, పనికిరానిదాన్ని కొట్టేసేవారు. చూలై, టి. నగర్, అడయారు, ఒక్కోచోట ఇరవై ముగ్గురు. వ్యానుకు పది సీట్లు. మామ ఒక్కోచోటికి రెండేసి వ్యాన్లు పంపి, మిగిలిన తొమ్మిది మందినీ ఏడో వ్యానులో ఏరి తెప్పించేవారు.

ఆ పని కంప్యూటరు చేస్తుందని నేను మేనేజరు దగ్గర గొప్పలు పోయాను. జవాబులన్నీ పూర్ణాంకాలే కావాలని షరతు పెడితే, అది మధ్యాహ్నం భోజనాలదాకా తిరుగుతూనే ఉంది. షరతు తీసేశాను. రెప్పపాటులో జవాబొచ్చింది: ఒక్కోచోటికి రెండు పాయింట్ మూడు వ్యాన్లు. (వ్యానును కోసి పంపలేమన్న జ్ఞానం నాకూ ఉంది.) దగ్గరి అంకె రెండు కనుక రెండేసి అని రాసిచ్చాను. "ఒక వ్యాను మిగిల్చావయ్యా!" అని మేనేజరు భుజం తట్టాడు.

సోమవారం మామ నా పట్టీ ప్రకారమే వ్యాన్లు పంపారు. తొమ్మిది మంది రోడ్ల మీద మిగిలారు. టి. నగర్ పాండీ బజారులో మిగిలిన ముగ్గురిలో, టిఫిను డబ్బాతో, నేనొకణ్ణి. ఏడో వ్యాను మామే నడుపుకుంటూ వచ్చారు. "ఏం తంబీ, నీ లెక్కలో నీకే సీటు లేదా?"

ఆఫీసులో మేనేజరు నిలదీశాడు. "పట్టీ సరిగ్గానే ఉంది సార్. పంపడంలో పొరపాటు జరిగుంటుంది" అన్నాను. మామ పక్కనే ఉన్నారు. చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టారు. మర్నాటినుంచి ఆ మోకాళ్ళతోనే చూలై వ్యాను. ఆ కుర్చీ నాది. కనబడినప్పుడల్లా "సీటు దొరికిందా తంబీ?" అనేవారు, నవ్వుతూనే.

ఆ పొరపాటు నాది, ఆయనది కాదు. ఇంతకాలానికి రాస్తున్నాను. రెండా మూడా అని విడదీసి, పనికిరాని దారిని కొట్టేసే మామ గొణుగుడే పూర్ణాంకాల లెక్కలకు అసలు పద్ధతని తర్వాత పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. ఇప్పుడు నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు దశాంశాలతో జవాబు తెస్తే, "ఆ పాయింట్ మూడు ఏ స్టాపులో నిలబడి ఉన్నాడో చూశారా?" అని అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, డబ్బా పట్టుకుని నిలబడ్డవాడు నాకు కనిపిస్తూనే ఉంటాడు.