మొదటి స్థానం చెప్పిన గొంతు

రాయచూరు బజారులో స్టీలు గిన్నెల కేశవులు దుకాణం తెలియనివాళ్ళు ఉండొచ్చుగానీ, ఆయన భార్య కమలాక్షి గొంతు విననివాళ్ళు మాత్రం అరుదు. వినాయక చవితి పందిరిలో తప్పిపోయిన పిల్లల పేర్లు తెలుగులో ఒకసారి, కన్నడలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి మైకులో చెప్పేది ఆమే. ఏ భాషలో చెప్పినా అదే ఆమె ఇంటిభాష అనిపిస్తుంది. ఆ గొంతు వింటే పిల్లలు ఏడుపు మానేస్తారని బజారులో చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువేగానీ, ఆ మాట ఎవరన్నా కమలాక్షి కాదనదు.

ఆ గొంతే ఆమెకు పని తెచ్చిపెట్టింది. బెంగళూరులో ఒక కంపెనీ ఉంది. ఏ ఫోను మంచిది, ఏ యాప్ మంచిది అని వరుస కట్టి, మొదటి స్థానం ఎవరిదో చెప్పే వీడియోలు చేస్తుంది. వాళ్ళు రాసి పంపినదాన్ని కమలాక్షి దుకాణం వెనక గోదాములో, అట్టపెట్టెల మధ్య దుప్పట్లు వేలాడదీసుకుని, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చదివి పంపుతుంది. వీడియోలో ముఖం కనిపించదు, గొంతే.

మొదట్లో ఒక అనుమానం అడిగింది. రాతలో ఎప్పుడూ "నేను స్వయంగా వాడి చూశాను" అని ఉండేది. నేను వాడలేదు కదా అంటే, పని పంపే విశాల్ నవ్వాడు. "అది మీరు కాదు మేడం, వీడియోలో మాట్లాడే మనిషి." ఆ మనిషికి వేరే గొంతు లేదన్న సంగతి కమలాక్షికి అప్పుడు తట్టలేదు. తట్టనివ్వలేదు అనడమే న్యాయం.

ఇలా ఉండగా మేఘా వచ్చింది. ఎదురింటి అంబమ్మ కూతురు, కమలాక్షిని చిన్నమ్మా అని పిలుస్తూ పెరిగిన పిల్ల. బళ్ళారిలో మొగుడి చేతి దెబ్బలు పడలేక కట్టుబట్టలతో బయటపడింది. అమ్మగారింటికి వాడు ఎప్పుడైనా రావచ్చు. అందుకని సింధనూరు దగ్గర గోరేబాళలో, స్నేహితురాలి తల్లి హనుమమ్మ ఇంట్లో తలదాచుకుంది. అక్కడికి వెళ్ళేముందు ఒక్క పూట మాత్రం దుకాణం వెనక ఈ గోదాములోనే కూర్చుంది.

ఆ పిల్ల చదువు సర్టిఫికెట్లన్నీ మొగుడూ పెళ్ళాలకు కలిపి ఉన్న ఈమెయిల్‌లో ఉన్నాయి. బడిలో ఉద్యోగానికి అవి కావాలి. కానీ ఆ ఈమెయిల్ ఎవరు తెరిచినా, ఏ ఊరినుంచి తెరిచారో వాడి ఫోనుకు కబురు వెళ్తుంది.

"వీపీఎన్ అని ఉంటది గదా చిన్నమ్మా," అంది మేఘా. "మనం యాడున్నమో తెల్వకుండ వేరే ఊరు చూపిస్తది. నీ వీడియోల పరదా వీపీఎన్ ఫస్ట్ అని చెప్పినవు. నువ్వు వాడినవు గదా?"

కమలాక్షి నోట "ఆఁ" అని వచ్చింది. ఒక్క అక్షరం. గోదాములో ఉక్కగా ఉంది, పిల్ల భయంగా చూస్తోంది, ఏదో ధైర్యం చెప్పాలనిపించింది. అబద్ధాలు చాలావరకు ఇలాగే, మంచితనం వేషం వేసుకునే వస్తాయి.

తరువాత ఒక ఉదయం విశాల్ కన్నడ వీడియోకు రాత పంపాడు. అవే వీపీఎన్‌లు, అదే వరుస అనుకుని కమలాక్షి దుప్పట్ల మధ్య నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదటి స్థానం ఇంకేదో పేరు. సరే అనుకుంది. రెండు, మూడు, నాలుగు కూడా అయ్యాయి. "ఐదనే స్థానదల్లి పరదా", ఐదో స్థానంలో పరదా అని తన నోటితోనే చదివి, ఆగకుండా కింది వాక్యంలోకి వెళ్ళింది. సిగ్నల్ పోయి మళ్ళీ వచ్చినప్పుడు పరదా చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది, మీ అసలు ఊరు బయటపడుతుంది, ప్రాణభయం ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకండి. ఇంత మాటా శ్రావ్యమైన కన్నడలో, ఎక్కడా తడబడకుండా చదివేసింది.

గోరేబాళలో సిగ్నల్ ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఈ రోజే ఈమెయిల్ తెరుస్తానని మేఘా నిన్న చెప్పింది.

ఫోన్ చేసింది. అందుబాటులో లేరు అంది ఫోనులోని రికార్డు గొంతు. మళ్ళీ చేసింది, అదే మాట. వెంటనే విశాల్‌కు చేసింది.

"తెలుగుల ఫస్ట్ ఉన్నది కన్నడల ఐదెట్ల అయింది? ఏది నిజం?"

"మార్కెట్ వేరు కదా మేడం," అన్నాడు విశాల్ తాపీగా. "మన లింకు నొక్కి కొంటే కంపెనీవాళ్ళు మనకు కమిషన్ ఇస్తారు. తెలుగుకు పరదా వాళ్ళు ఎక్కువిచ్చారు. కన్నడకు ఇవ్వలేదు. ఇవ్వనప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాం."

"అంటే కన్నడల చెప్పింది నిజమా?"

"రెండు భాషల్లోనూ ఎవరు చూస్తారు మేడం?"

రాయచూరులో మూడు భాషల్లోనూ చూస్తారు నాయనా అని చెప్పే ఓపిక కమలాక్షికి లేదు. ఫోన్ పెట్టేసింది. దుకాణం ముందుకొచ్చి కేశవులుకు రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"మనం గూడ లాభమొచ్చే గిన్నె ముందట పెడ్తం, నిజమే. కానీ కొనేటోడు ఏలుతోని కొట్టి చూసుకుంటడు. ఆ పిల్ల నీ నోటిమాటనే కొట్టి చూసుకున్నది కమలా. జల్ది హనుమమ్మకు చెయ్యి."

హనుమమ్మ ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. ఎట్టకేలకు ఎత్తింది.

"మేఘా యాడున్నది?"

"మిద్దె మీద ఉన్నదమ్మా. కింద నెట్ అందదని ఫోన్ పట్టుకోని పొద్దున్నుంచి అక్కడనే."

"పిలువు! ఉరుకు!"

హనుమమ్మ అరుపులు, మెట్ల చప్పుడు, తరువాత మేఘా గొంతు.

"ఏంది చిన్నమ్మా? ఇప్పుడే తెరిచినా. సిగ్నల్ పోతున్నది, వస్తున్నది. అన్నీ దించుకున్నా, ఒక్కటే మిగిలింది."

"ఫోన్ల పైన పరదా గుర్తు ఉన్నదా చూడు."

మేఘా తన ఫోను చూసుకుంది.

"లేదు చిన్నమ్మా. ఇందాక ఉండె. ఎప్పుడు పోయిందో..."

"మూసెయ్. బట్టలు సర్దుకో. సింధనూరుకు పోయి రాయచూరు బస్సెక్కు. సింధనూరు అని చూస్తే వానికి అర్థమైతది. హనుమమ్మ వాళ్ళింట్ల పెండ్లికి వాడొచ్చిండు గదా."

"నువ్వు వాడినా అన్నవు గదా?"

అడిగిన తీరులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"వాడలే మేఘా. ఎన్నడూ వాడలే."

లైను తెగిపోయింది. సిగ్నల్ వల్లనో, మేఘా వల్లనో కమలాక్షికి తెలియలేదు.

బస్టాండులో ఆమె నిలబడలేక, కూర్చోలేక తిరిగింది. సింధనూరు బస్సు ఒకటి వచ్చింది. అందరూ దిగారు, మేఘా లేదు. ఇంకొకటి వచ్చింది, అందులోనూ లేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేరు అన్న ఆ గొంతు మీద చచ్చేంత కోపం వచ్చింది. ఆ మాట చెప్పినావిడ కూడా తనలాగే ఎక్కడో ఫ్యాను ఆపుకుని చదివి ఉంటుందని తోచి, ఆ కోపం ఎటూ పోలేక తన మీదికే వచ్చింది.

అప్పుడే హనుమమ్మ ఫోన్ చేసింది. గుసగుసగా మాట్లాడింది. "మేఘా మొగుడు తెల్లకారుల వచ్చిండమ్మా. ఇల్లంత వెతికిండు, మిద్దె గూడ ఎక్కిండు. ఎవ్వరూ లేరని చెప్పినా. రాయచూరు దిక్కే పోయిండు."

"మేఘా బస్సెక్కిందా?"

"ఎక్కించే వచ్చిన. నడుమల పంచరైందని ఇందాక ఫోన్ చేసింది."

అంటే అదే రోడ్డు మీద ముందు బస్సు, వెనక కారు. కమలాక్షి దేవుళ్ళందరినీ ఒక్కసారే పిలిచింది. బస్టాండులోకి మలుపు తిరిగే ప్రతి తెల్లకారులోకీ తొంగి చూసింది. మూడో బస్సు వచ్చి ఆగింది. ఆడవాళ్ళు, మూటలు, కోడి ఉన్న బుట్ట దిగాక, చివర్న తలమీద కొంగు కప్పుకుని మేఘా దిగింది.

కమలాక్షి ఆమె చేయి పట్టుకుని ఆటోలోకి నెట్టింది. "ఇంటికి పోవద్దు. వాడు ఫస్ట్ మీ అమ్మ తానకే పోతడు," అని ఆటో అతని వైపు తిరిగింది. "మహిళా పోలీస్ స్టేషన్‌కు పోనీ అన్నా."

సగం దూరం వెళ్ళాక మేఘా అడిగింది. "మరి ఏది వాడాలె చిన్నమ్మా?"

"నాకు తెల్వదు."

ఆటో అతను అద్దంలో చూసి ముఖం నిండా నవ్వి, ఉర్దూలో అక్కా అన్నట్టు పిలిచాడు. "ఆపా, మీరు వీడియోల చెప్తరు గదా? గొంతు వింటనే పోల్చిన. మీరు చెప్పిన్రనే మా బిడ్డ ఫోన్ల పరదా వేయించిన. హాస్టల్‌ల ఉంటది, ఫికర్ ఉండదని."

కమలాక్షి ముందుకు వంగింది. "ఇయ్యాలనే తీసేయించన్నా. అది మంచిది గాదు. నేను వాడలే."

అతని నవ్వు ఆరిపోయింది. "మరి వాడినా అని ఎందుకు చెప్పిన్రు ఆపా?"

జవాబు కోసం తెలుగులోనూ, కన్నడలోనూ, ఉర్దూలోనూ వెతుక్కుంది. అతను ఆటోను పక్కకు ఆపి, జేబులోంచి ఫోన్ తీసి, బిడ్డకు చేశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ వెనక సీట్లో ఆ ఫోన్ మోగడం విన్నారు. అవతల ఎవరూ ఎత్తలేదు. అతను మళ్ళీ చేశాడు.