పీర్ల షర్బత్తు, పక్కింటి అక్క లెక్క

నా చిన్నప్పుడు, తెలంగాణ కావాలనే ఉద్యమంతో కాలేజీలన్నీ మూతబడిన ఏడాది, హనుమకొండలో బీఎస్సీ చదివే మా పక్కింటి అక్క పెట్టె సర్దుకొని తొర్రూరు వచ్చేసింది. నాకు రోజూ పండుగే. అక్కకే పరేషాన్. ఇట్లాగే సాగితే సంబంధం చూసేస్తానని వాళ్ల నాయిన చెప్పేశాడు మరి.

అంతలో పీర్ల పండుగ వచ్చింది. షర్బత్తు కలిపించే పెద్దరికం ఏటా అక్క వాళ్ల నాయినదే. మొక్కుకున్న ఇళ్లవాళ్లు, హిందువులైనా ముస్లింలైనా, తలా ఓ బిందె నీళ్లు తెచ్చి పెద్ద గుండిగలో పోసేవాళ్లు. బిందెకింత బెల్లమని రివాజు. ఆ ఏడు తెలంగాణ ఊరేగింపులు తీసే కాలేజీ పిల్లలు కూడా తాగుతారని చాలామంది పెద్ద బిందెలే ఎత్తుకొచ్చారు. బెల్లం లెక్క తప్పలేదు, షర్బత్తు మాత్రం చప్పగా తేలింది. బెల్లం పక్కదారి పట్టిందని గుసగుసలు లేచాయి. ఆ పెద్దమనిషి తలెత్తలేకపోయాడు.

అక్క వచ్చి వరుసగా పెట్టిన బిందెలను చూసింది.

"బిందె అంటే ఏ బిందె నాయినా? ఉత్త అంకె చెప్తే లెక్క గాదు. దేనితోని కొలిచినమో గది గూడ చెప్పాలె."

నా చేత చెంబు తెప్పించి, ఏ బిందెలో ఎన్ని చెంబులు పడతాయో కొలిపించింది. ఒక్క చెంబు నీళ్లలో రుచి కుదిరేదాకా బెల్లం కరిగించి చూసింది. దాన్నిబట్టి గుండిగకు ఇంకెంత కావాలో చెప్పింది. ఆ బెల్లం తెచ్చి కలిపాక గుసగుసలు వాటంతటవే సద్దుమణిగాయి. వాళ్ల నాయిన గ్లాసు ఖాళీ చేసి అక్కకేసి తిరిగాడు.

"కాలేజీ తెరవనీ బిడ్డా, నిన్ను తోలుతా" అన్నాడు.

మాట మీద నిలబడాలనే చూశాడు పాపం. కాలేజీ తలుపులే తెరుచుకోలేదు. ఈలోగా వచ్చిన సంబంధంవాళ్లు ఇక ఆగలేమన్నారు, చుట్టాలు పోరు పెట్టారు. అక్క భూపాలపల్లి అవతల ఏదో ఊరికి కోడలై వెళ్లిపోయింది. అక్క ఎక్కిన బస్సు వెనక నేను ఏడుస్తూ పరుగెత్తడం ఇంకా గుర్తే. మళ్లీ కలవలేదు.

నేను కెమిస్ట్రీ టీచర్నయ్యాను. పిల్లలు బోర్డు మీద అంకె వేసి ఆగిపోతే, "దేనితోని కొలిచినవ్?" అని అడిగేదాన్ని. ఎప్పుడూ ఇదే ప్రశ్నేంది మేడమ్ అని నవ్వేవాళ్లు. తెలంగాణ వచ్చిన రోజు అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే, అక్క ఎక్కడుందోనని నా ప్రాణం కొట్టుకుంది. నేను పాఠం చెప్పిన ప్రతి తరగతీ ఆమె చెప్పాల్సిందేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.