పక్క సీట్లో గురక

కెనడాలో సస్కాచెవాన్ నది రేవులో, బండ్లను దాటించే పంటు అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా, గోధుమల లారీని వాలు పైనే ఆపుకుని కూర్చుంది ఆర్లీన్. పక్క సీట్లో భర్త వాసిల్, విరిగిన భుజానికి కట్టుతో, టోపీ ముఖం మీదికి లాక్కుని గురక పెడుతున్నాడు. వెనక ఓ పికప్పు బండి ఆగింది. దిగినవాడు ఆమె అన్న ఒరెస్ట్. పట్నం పోతూ అనుకోకుండా తగిలాడు.

"నువ్వా చెల్లీ, స్టీరింగు దగ్గర?"

"ఈయన భుజం విరిగినా కోతలు ఆగవు కదన్నయ్యా."

"దిగు, దిగు. నిండు లారీ! నదిలో గోధుమలు చల్లుతావేంటి? పంటెక్కించి నీకిచ్చేస్తా."

చిన్నప్పుడు ట్రాక్టరుతో కంచె కొట్టేసిన నాటినుంచి పుట్టింట ఆమె చేతికి బండి ఇవ్వలేదు; గేట్లు తెరిచే మనిషి, అంతే. "దిగు" అంటే దిగిపోవడమే తెలుసు. ఎక్కినవాడు వణికితే ఎంత మంచి గుర్రమైనా ప్రతి రాయికీ తడబడుతుంది; చెడ్డపేరేమో గుర్రానికొస్తుంది. పెళ్లయ్యాక కూడా ఆమె తోలింది ఖాళీ లారీనే. ఈ ఉదయం వాసిల్ తాళాలు ఆమె ఒళ్లో పడేసి, "బండి నువ్వు పోనీ, నాకు నిద్రొస్తోంది" అన్నాడు, అంతే.

చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది. గురక ఇంకా వినిపిస్తూనే ఉంది. మునిగిపోతాననుకున్నవాడు ఇంత హాయిగా పడుకుంటాడా?

"పక్కకి తప్పుకో అన్నయ్యా, చక్రం కింద పడతావ్."

పంటు వచ్చి ఒడ్డుకి ఆనింది. మొదటి గేరు. బ్రేకు మీద ఆనీ ఆనని కాలు. వెనకనుంచి గోధుమల బరువంతా తోసుకొస్తోంది. కంకర కరకరలాడింది. ముందు చక్రాలు పంటు ఇనుపపలక మీద ధణాల్మన్నాయి, వెనకవీ ఎక్కాయి. లారీ నిలిచింది. ఆర్లీన్ చేతిబ్రేకు లాగింది.

అప్పుడు చూసింది. వాసిల్ బూటు నేలకేసి ఎంత అదిమాడో, కింద రబ్బరు పట్టా ముడతలు పడిపోయింది.

"దొంగసచ్చినోడా! నిద్రలో బ్రేకు తొక్కుతున్నావా?"

టోపీ కదిలింది. "నీమీద నమ్మకం నాకుందే. నా కాలికే లేదు."

నది దాటేదాకా ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతూనే ఉన్నారు.

పట్నంలో ధాన్యం గోదాము దగ్గర సరుకు దించాక ముగ్గురూ కాఫీకి కూర్చున్నారు.

"తర్వాతి లోడు నేను తోలతాలే బావా," అన్నాడు ఒరెస్ట్.

"నన్నడుగుతావేంటి? తాళాలు ఆవిడ దగ్గరున్నాయి."

ఒరెస్ట్ చెల్లెలి వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. వాసిల్ టోపీ అందుకుని, "ఉండవే, నేనూ వస్తున్నా!" అంటూ లేవబోయాడు. కిటికీ అవతల ఆర్లీన్, వేలికి తాళాలు తిప్పుకుంటూ, వెనక్కి చూడకుండా లారీ వైపు నడిచిపోతోంది.