వదిన పాటకు పదహారు గీకుళ్లు

ఆ రోజుల్లో నాకు ముప్పై మూడేళ్లు, బుద్ధి అందులో సగం. శుక్రవారం సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకు మొదలైంది నా ఘనకార్యం. అప్పుడు పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో గుమస్తాగా ఉండేదాన్ని. ముందు వారం ముత్తంగిలో ఒక పెళ్లిలో, పాటలు వేసే అతను తిరుగుతున్న రికార్డును అరచేత్తో వెనక్కీ ముందుకీ గుంజుతుంటే వచ్చిన "జిక్-జికి-జిక్" నా చెవిలోంచి పోలేదు. మా ఇంట్లో రికార్డు లేదు గానీ కొత్త కంప్యూటరు, అందులో పాటలను కత్తిరించే సాఫ్ట్‌వేరు ఉన్నాయి. పాట కూడా ఉంది: చిట్కుల్ చర్చి వార్షికోత్సవానికని మా వదిన పాడగా నేనే రికార్డు చేసినది, మూడు నిమిషాల నలభై రెండు సెకన్లు. ఆ తర్వాత జలుబు చేసి వదిన గొంతు పాటకు పనికిరాకుండా పోయింది. ఆదివారం ఆరాధనలో ఇక ఆ రికార్డింగే దిక్కు.

"స్తుతి" అన్న మాటలో అర సెకను ముక్క కోసి, తిరగేసి, పక్కన అసలు ముక్కను అతికించాను. అచ్చం గీకినట్టే వచ్చింది. (ఒంటరిగా చప్పట్లు కొట్టుకున్నాను.) అలా పదహారు చోట్ల. మిగతా పాటను ఒకచోట పరుగెత్తించి, ఒకచోట ఈడ్చాను. స్టోర్సులో మాకొక నియమం: ఒక్క వరుస కొట్టినా వెంటనే సేవ్ చేయాలి, కరెంటును నమ్మకూడదు. ప్రతి మార్పుకూ సేవ్ చేశాను, అదే పేరు మీద. అసలు పాటను నా చేతులతో నేనే చెరిపేశానని శనివారం పొద్దున మళ్లీ తెరిచినప్పుడు గానీ తెలియలేదు.

వదినను పిలిచి వినిపించాను. ఆమె పీలగొంతుతో, "ఏందే గిది? నేను పాడిన్నా, నాకు నత్తొచ్చిందా?" అంది.

"జెర తప్పయింది వదినా. అసలుది పోయింది."

"పాట పోయిందా, నీ తెలివి పోయిందా? ఇగ రేపు నువ్వే పాడు!"

పాడాను. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్న ఒక ముసలమ్మ మధ్యలో, "ఏందమ్మా, సీడీ ఖరాబైందా?" అని పైకే అడిగింది. పాస్టరు అయ్యగారు దగ్గు నటించారు. వదిన మాత్రం గొంతు లేకుండానే, భుజాలు కదిలేలా నవ్వింది.

నెల తిరక్కుండా ఆమె గొంతు వచ్చింది, పై స్థాయి మాత్రం మళ్లీ అందలేదు. ఇప్పుడు నాకు అరవై దాటింది, వదిన లేదు. నేను చెయ్యి పెట్టని చోట్లన్నీ ఏరి కలిపితే పదకొండు సెకన్లు మిగిలాయి. వింటుంటే ఆ ముప్పై మూడేళ్ల మనిషిని తిట్టబోయి నవ్వేస్తాను. పోయినది: మూడు నిమిషాల ముప్పై ఒక్క సెకన్లు.