అన్న ఉద్యోగం, అఖిల లెక్క

సూర్యాపేట నుంచి కోదాడలో ఆఫీసు మీటింగుకు పోతూ మునగాల దగ్గర దాబా ముందు సాంసన్ బండి ఆపాడు. వెనక కూర్చున్న చెల్లెలు అఖిల దిగలేదు. ఎందుకు ఆపాడో ఆమెకు తెలుసు.

పిల్లలకు చదువు నేర్పే ఒక సంస్థలో ఇద్దరూ పనిచేస్తున్నారు. బడుల్లో ట్యాబుల మీద పాఠాలు నడిపించడం అతని పని. ఏ పథకానికి పెట్టిన ఖర్చుకు ఎంత చదువు వచ్చిందో తేల్చడం ఆమె పని. ఏడాదంతా ఊళ్లు తిరిగి పిల్లల చేత చదివించి చూసింది. ట్యాబులున్న పిల్లలు ఎంత నేర్చారో, సంస్థే నడిపే సాయంత్రం కేంద్రాల్లో ఊరి అమ్మాయిల దగ్గర చదివిన పిల్లలూ అంతే నేర్చారు. ఖర్చు మాత్రం ట్యాబులకు ఆరింతలు.

"ట్యాబులు కొన్నది ఒక్కసారే గదా చెల్లె. ఆ పైసలు నాలుగేండ్లకు పంచి సూసినవా?"

"పంచినంకనే ఆరింతలు వచ్చింది అన్నా."

"మీ వదిన నీళ్లాడే టైమొచ్చింది. ఇప్పుడు నా నౌకరి పోతే ఎట్ల? గీ లెక్క మీటింగుల వచ్చే ఏడు చెప్పరాదు?"

నాన్న పోయాక ఆమెను డిగ్రీ దాకా చదివించింది ఈ అన్నే.

"పైసల్లేవని నడిగూడెం కేంద్రం ఈ నెలనే మూస్తమంటున్నరు అన్నా. గా ఊరి పిల్లలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కొని చదువుతున్నరు."

సాంసన్ బండి స్టార్ట్ చేశాడు.

మీటింగులో అఖిల చెప్పిందంతా విని డైరెక్టర్ చిరాకుపడ్డాడు. "ట్యాబులంటేనే దాతలు డబ్బులిస్తారమ్మా. అయినా నీ లెక్క సరైందేనా? ఏం సాంసన్, నువ్వు చెప్పు. రోజూ చూసేవాడివి."

అందరూ వెనక్కి తిరిగారు. అఖిల తల ఎత్తలేకపోయింది. సాంసన్ లేచి నిలబడ్డాడు.

"లెక్క సరైందే సార్," అన్నాడు. "సగం బడులల్ల ట్యాబులు బీరువాలనే ఉంటున్నయి. చార్జింగ్ పెట్టే దిక్కు లేదు."

ట్యాబుల డబ్బు కేంద్రాలకు మళ్లి నడిగూడెం కేంద్రం నిలబడింది. ట్యాబుల పథకం ఆగిపోయింది. సాంసన్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో చేరాడు. జీతం తక్కువ, షిఫ్టులు ఎక్కువ.

పాప పుట్టిందని తెలిసి అఖిల వాళ్ల కిరాయి ఇంటికి వెళ్లింది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన అన్న మంచం మీద నుంచి లేవలేదు.

"నీ మీద కోపం లేదు చెల్లె. కానీ నా నౌకరి పోతే ఇంట్ల ఏమైతదో గా లెక్కల యాడ రాసినవ్?"

వదిన పాపను తెచ్చి అఖిల ఒళ్లో పెట్టింది.