కోడుమూరు రోడ్డు మీద మొక్కులేని నడక

ఈ దారిన నడవాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. చీకటి ఉండగానే బయలుదేరండి, కొత్త చెప్పులు వేసుకోకండి, తలకు కప్పుకోవడానికి టవలు మరిచిపోకండి. మా కోడుమూరు నుంచి కర్నూలు వైపు రెండు గంటలు నడిస్తే నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రి ఉన్న పల్లె వస్తుంది. బస్సులున్నాయి, ఆటోలున్నాయి. అన్నీ ఉండగా ఎందుకు నడుస్తావంటే, నాకు భయం.

కిందటి వానాకాలంలో నేనెక్కిన ఆటో మలుపులో బోల్తా పడింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు. కానీ ఆ తర్వాత ఏ బండిలో కాలు పెట్టినా చెమటలు పట్టేవి, ఊపిరాడేది కాదు, దిగిపోయేదాన్ని. ఊరందరికీ సూదులు వేసే మనిషిని, నాకు మాత్రం మందు దొరకలేదు. మా ఆయన ఓపిక పట్టి పట్టి చివరికి తేల్చేశాడు. "ఎండలు ముదిరేలోపల బండెక్కితే సరే, లేకుంటే ఉద్యోగం ఇడ్సిపెట్టు. వడదెబ్బకు నిన్ను పోగొట్టుకునేదానికి నా చేత కాదు." పద్దెనిమిదేళ్ల ఉద్యోగం. ఎలా వదిలేది?

నేను చెప్పబోయే రోజుకు ఉగాది దగ్గర పడింది. ఐదున్నరకు గడప దాటాను. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, బజ్జి పొట్లం కట్టించుకున్నాను. ఈ దారిలో తరువాత తినడానికి ఏమీ దొరకదు, మీరూ కట్టించుకోండి.

నడక కొత్తలో ఏడుస్తూనే నడిచాను. నెల తిరిగేసరికి ఆకలి పెరిగింది, పడుకుంటే నిద్ర పట్టింది. ఆటోలో ఏళ్ల తరబడి తిరిగినా ఈ దారిలో నాకు తెలిసినవి స్పీడు బ్రేకర్లు మాత్రమే. ఇప్పుడు ఎవరి చేలో శనగ కోతకొచ్చిందో, ఏ కంపచెట్ల వెనక కౌజు పిట్టలు అరుస్తాయో తెలుసు. మిరపకాయలు కోయడానికి పోయే ఆడవాళ్లు నా పక్కన నడుస్తూ ఆసుపత్రిలో నోరు విప్పని రోగాలన్నీ చెబుతారు. అక్కడెందుకు చెప్పరని ఒకామెను అడిగాను. "ఆడ నీకు కుర్చీ ఉంటాది, నేను నిలబడుకోనుంటా. ఈడ ఇద్దరం నడుస్తాండామే" అంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి పగటి చిరాకంతా దారిలోనే అయిపోయేది, మా ఆయన మీద అరవడానికి ఏమీ మిగిలేది కాదు. ఈ లాభం ఒక్కటీ ఆయన కంటికి ఆనలేదు, విచిత్రం.

ఆ వారమంతా రోడ్డు కన్నడం వాళ్లతో నిండిపోయింది. రాయచూరు వైపు నుంచి శ్రీశైలానికి నడిచిపోతారు. అక్కడి భ్రమరాంబ వాళ్లింటి ఆడపిల్ల. పండక్కి కూతురింటికి పోయినట్టు చీర, పసుపు కుంకుమ పట్టుకుపోతారు. దారి పొడుగునా పల్లెలవాళ్లు పందిళ్లు వేసి మజ్జిగ పోస్తారు, కాళ్లు పడతారు. ఆ పొద్దున ఒక పందిరి దగ్గర మీసాల పెద్దమనిషి ఒకాయన నా సంచీ లాక్కుని, నన్ను కుర్చీలో కూలేసి, కాళ్ల మీద వేన్నీళ్లు పోశాడు.

"అన్నా, నేను డ్యూటీకి పోతాండా" అన్నాను.

"అందరిదీ ఆ మల్లయ్య డ్యూటీనే తల్లీ, కాళ్లు సాపు."

వేన్నీళ్ల సుఖం తగిలాక వాదించబుద్ధి కాలేదు.

ఇంకొంచెం ముందుకు పోతే మోరీ గట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు సంగవ్వ అని చుట్టూ నిలబడ్డ ఆమె ఊరివాళ్లు చెప్పారు. అరికాలి బొబ్బ చితికి, చీము పట్టి, చీలమండ దాకా వాచింది. ఒళ్లు కాలిపోతోంది. షుగరు కూడా ఉందట. ఆలస్యమైతే కాలు దక్కదని భయమేసింది. అంతలో రోజూ నన్ను పలకరించే మస్తాన్ ఆటో వచ్చి ఆగింది. ఆసుపత్రికి పోదాం ఎక్కమంటే అవ్వ తల అడ్డంగా ఊపింది.

"బ్యాడ తాయీ, వద్దు. నడిసొస్తానని మొక్కుకున్నా. బండెక్కితే నా బిడ్డకు మొకం ఎట్ల సూపించేది?"

మస్తాన్ నవ్వాడు. "బాగా కుదిరినారు ఇద్దరూ! ఈ అక్క గూడా బండెక్కదవ్వా. ఎన్నాళ్ల నుంచో పిలుస్తాండా, నడిచే పోతాది."

సంగవ్వ నా కాళ్లకేసి, దుమ్ము పట్టిన చెప్పులకేసి చూసి చేతులు జోడించింది. "నీదీ మొక్కేనా తాయీ? నాకంటే పెద్ద మొక్కు పట్టినావే! సరే, నువ్వెక్కు, నేనూ ఎక్కుతా. ఇద్దరం కలిసి తప్పు జేస్తే బిడ్డ ఏమనుకోదు."

మొక్కు కాదంటే ఆమె ఎక్కదు. నోరు మూసుకుని ఎక్కాను. ఆమె కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆటో కదలగానే కళ్లకు చీకట్లు కమ్మాయి. ఆపమని రెండు సార్లు నోటిదాకా వచ్చింది. ఒళ్లో ఆ కాలు పెట్టుకుని ఎక్కడికని దిగేది? నా చెయ్యి గట్టిగా పట్టుకుంది ఆమే. మస్తాన్ ఎద్దులబండి తోలినట్టు తోలాడు.

ఆసుపత్రిలో పుండు కడిగి కట్టు కట్టాం, సెలైన్ పెట్టాం. కాలికి మోసం లేదు గానీ నాలుగు రోజులు కదలకూడదన్నారు డాక్టరు. మధ్యాహ్నానికి జ్వరం దిగింది. అప్పుడు ఆమె మంచం పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. "నాది మొక్కు కాదవ్వా, భయం."

ఆమెకు కోపం రాలేదు. "భయం లేనోళ్లు ఎవరన్నా మొక్కుతారా తాయీ? నా మనవడికి బాగలేకుంటేనే నేనూ మొక్కింది" అంది. కట్టు కట్టిన కాలు చూసుకుని, "మనం బండిలో వచ్చిన దారి ఉండాది సూడు, అది నా పేరు మీద నువ్వు నడిసెయ్. మిగతాది మా ఊరోళ్లు నడుస్తారు" అంది.

సాయంత్రం ఐదింటికి మస్తాన్ బయట ఉన్నాడు. ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్నాను. భయం పూర్తిగా పోలేదు, నా పక్కనే కూర్చుంది, అంతే. మిరపచేల ఆడవాళ్లు చెయ్యెత్తారు. నేను ఎత్తేలోపల వాళ్లు వెనకబడిపోయారు. రెండు గంటల దారి ఇట్టే అయిపోయింది, ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా.

నేను ఆటో దిగడం చూసి గుమ్మంలో మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "గెలిచినావు. ఇంగ రేపటి నుంచి పొద్దున్నే లేసే పని లేదు."

సంగవ్వ సంగతంతా చెప్పాను. "వచ్చేటప్పుడు ఎండకు ఆటోలోనే వస్తా. పోయేటప్పుడు మాత్రం నడుస్తా" అన్నాను.

"ఇంగా ఎందుకు?"

"ఇన్నాళ్లూ ఎక్కలేక నడిచినా. ఇంగ ఎక్కగలిగీ నడుస్తా. రేపు అవ్వ పేరు మీద, ఎల్లుండి నుంచి నా పేరు మీద."

ఆయన నా సంచీ అందుకున్నాడు. తర్వాత, "ఐదింటికి లేపుతా" అన్నాడు.