నేను చూడని సోదా

ఐరాలలో పిల్లలకు చదువు చెప్పే నేను, చదవకుండానే సంతకాలు పెట్టేవాణ్ణి. ఊళ్లో ఏ కాగితం పుట్టినా అడుగున అయ్యవారి సంతకం ఉండటం అప్పటి ఆనవాయితీ. యుద్ధం రోజుల్లో ఒకసారి ఎస్సై స్టేషనుకు పిలిచి, కాఫీ ఇప్పించి, ఖాళీ కాగితం ముందు పెట్టాడు. కాఫీ బాగుంది, సంతకం చేశాను. ఆ కాగితమే తరువాత, సాక్షుల ఎదుట సోదా జరిగిందని చెప్పే మహజరయింది. మా పక్కింటి కూలీ గడ్డివామిలో, దొంగిలించిన కాసులపేరు నా కళ్లెదుటే దొరికిందని అందులో రాసుకున్నారు.

చిత్తూరు కోర్టు వరండాలో ఆ కూలీ భార్య నన్ను ఆపింది.

"అయ్యవారూ, మీరు సూసినారా?"

"లేదమ్మా."

"ఆ మాటే సెప్పండి సామీ. మాకింకెవురుండారు?"

బోనెక్కి చెప్పాను. పిల్లలకు గోడకుర్చీ వేయించే నాకు ఆరోజు నిలబడటమే కష్టమైంది. మేజిస్ట్రేటు మహజరును పక్కన పెట్టారు. నా ప్రాణం లేచివచ్చింది. అంతలోనే, దర్యాప్తులో తప్పు జరిగినంత మాత్రాన సొత్తు దొరకలేదని కాదన్నారు. ఎస్సై నోటిమాట నమ్మి ఆరునెలలు శిక్ష వేశారు.

బయట ఆమె ఏడవలేదు.

"ఆ పొద్దు మీరు సంతకం పెట్టకుంటే, నిజింగా సూసేవాళ్లను పిలిసుందురు గదా సామీ" అంది.

ఐరాల దాకా ఆమె వెనకే నడిచాను. పక్కన నడిచే ధైర్యం లేకపోయింది.